సఫారీ బ్యాగులో మనుషులకి చోటేదీ?

కెన్యా, టాంజానియా సఫారీకి బయల్దేరే మనవాళ్ల లిస్టులన్నీ దాదాపు ఒకటే. ఖాకీ చొక్కాలు, బైనాక్యులర్స్, జూమ్ లెన్సు, మలేరియా మాత్రలు, ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్. చిన్న విమానాల్లో తరచుగా 15 కిలోలే ఒప్పుకుంటారు కాబట్టి మెత్తటి బ్యాగు. నలుపు, నీలం బట్టలు వద్దు, సెట్సీ ఈగలు వాలతాయి. అన్నీ అవసరమే, కాదనను. కానీ సింహం కోసం ఇంత సిద్ధపడతాం, ఈగ కోసం కూడా సిద్ధపడతాం. మనిషి కోసం?

సెరెంగెటి ‘మనుషుల్లేని అడవి’ ఊరికే అవలేదు. 1959లో మాసాయిలను అక్కణ్ణుంచి వెళ్లగొడితే అయింది. ఎవరో మా మల్కాపురం వచ్చి, రిఫైనరీ పొగగొట్టాలకి మాత్రం ఫొటోలు తీసుకుని ‘వైజాగ్ చూసేశాం’ అంటే మనకి మండదూ?

గూగీ వా థియోంగో 1978లో కెన్యా జైల్లో టాయిలెట్ పేపర్ మీద, తన గికుయూ భాషలో ఒక నవల రాశాడు. వరవరరావు దాన్ని ఇక్కడి జైల్లో ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగు చేశారు. 15 కిలోల్లో ఆ ఒక్క పుస్తకానికి చోటు లేదంటే, మనం వెళ్తున్నది ఆఫ్రికాకి కాదు, ఓ పెద్ద జూకి. అందుకు అంత దూరం దేనికి? కంబాలకొండ పక్కన మన జూ ఉందిగా!