పెంపకానికి అంటగట్టిన నేరం

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను మనవాళ్ళు పిల్లల విషయంలో వాడినంతగా మరెక్కడా వాడరు. దానికి తోడు "తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అన్నది మరొకటి. రెండూ చక్కని సామెతలే. అయితే రెండింటి వెనుకా ఒకటే నమ్మకం ఉన్నది: బిడ్డ ఎట్లా తయారైతే అది పెంచిన చేతుల పనితనం. ఆటిజం ఉన్న పిల్లల ఇళ్ళలో ఈ నమ్మకం చేసిన చేటు, ఇంకా చేస్తున్న చేటు చిన్నది కాదు.

ఒక పెళ్ళి మండపం ఊహించుకోండి. గట్టిమేళం మొదలు కాగానే నాలుగేళ్ళ పిల్లవాడు చెవులు మూసికొని, నేలమీద పడి కేకలు పెడతాడు. తల్లి వాణ్ణి ఎత్తుకొని బయటకు పరుగెత్తే లోపలే తీర్పులు వెలువడతాయి. గారాబం ఎక్కువైందని ఒకరు, ఫోను చేతికిచ్చి చెడగొట్టారని ఇంకొకరు, మా కాలంలో అయితే ఒక్కటి తగిలించేవాళ్ళమని వేరొకరు. ఆ డోలు దెబ్బ మన చెవికి వినబడినట్లే వాడి చెవికీ వినబడుతున్నదని అందరి ధీమా.

అలా వినబడకపోవచ్చు. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి శబ్దం, వెలుతురు, స్పర్శ, వాసన మనకంటే ఎంతో తీవ్రంగానో, ఎంతో మందంగానో తగులుతాయి. కుక్కరు కూత భరించరానిది కావచ్చు. కొత్త చొక్కా మెడ వెనుక కుట్టిన చిన్న గుడ్డ చీటీ రోజంతా ముల్లులా గుచ్చుకోవచ్చు. పిలిస్తే పలకకపోవడం, అన్న మాటనే తిరిగి అనడం, బొమ్మకారును నడపకుండా దాని చక్రాన్నే తిప్పి చూస్తూ కూర్చోవడం, రోజూ వెళ్ళే దారి మారితే తల్లడిల్లిపోవడం, ఇవన్నీ మెదడు ఎదుగుదలలో మొదటినుంచీ ఉన్న తేడాకు గుర్తులు. మన వాడుకలో మాత్రం వీటికి వేరే పేర్లున్నాయి. పలకనివాడు పొగరుబోతు. కళ్ళలోకి చూడనివాడు దొంగచూపులవాడు. దారి మార్చనివ్వనివాడు మొండివాడు. ఆడపిల్ల అయితే "అబ్బ, ఎంత అణకువో" అని మెచ్చుకొని, అసలు గుర్తించకుండానే వదిలివేస్తాం. లక్షణాన్ని గుణంగా చదవడమంటే ఇదే. గుణం అనగానే దానికి పెంపకం అనే మూలం, తల్లి అనే ముద్దాయి దొరుకుతారు.

ఇదంతా చదువులేనివారి అజ్ఞానమనుకొనేవారు ఆటిజం చరిత్రను ఒకసారి తిరగవేయాలి. తల్లిమీద ఈ నేరాన్ని శాస్త్రం పేరుతో మోపినవారు పెద్ద పెద్ద వైద్యులు, ఆచార్యులు. బాల్టిమోరులో లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లలను వర్ణిస్తూ వ్యాసం రాశాడు. ఆటిజాన్ని ఒక ప్రత్యేక స్థితిగా లోకం గుర్తించడం అక్కడినుంచే మొదలైంది. (అంతకు చాలా ముందే, 1925లో, సుఖరేవా అనే రష్యన్ వైద్యురాలు ఇటువంటి పిల్లలను గురించి రాసింది. ఆమె పేరు చాలాకాలం ఎవరికీ పట్టలేదు.) ఇది పుట్టుకతో వచ్చినదేనని చెబుతూనే, ఆ తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువగా కనిపించిందని కూడా కానర్ అదే వ్యాసంలో రాశాడు. మొదటి మాటను లోకం మరిచిపోయి రెండవదాన్ని పట్టుకొన్నది. "రిఫ్రిజిరేటర్ తల్లులు" అన్న పేరు పుట్టింది. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఏకంగా ఒక పెద్ద పుస్తకమే రాసి, బిడ్డ తనలోకి తాను ముడుచుకొనిపోవడానికి తల్లి విముఖతే కారణమన్నాడు. తాను స్వయంగా నాజీ నిర్బంధ శిబిరాలలో గడిపి వచ్చినవాడు, ఆ శిబిరాల ఖైదీలతో ఈ పిల్లలను పోల్చాడు. ఆ పోలికలో కాపలాదారు స్థానం ఎవరికి దక్కిందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సిద్ధాంతాన్ని గట్టిగా ఢీకొన్నవాడు ఒక తండ్రి కావడం నాకు ఎప్పుడూ గుర్తుండిపోయే సంగతి. అమెరికా నౌకాదళంలో మనస్తత్వవేత్తగా పనిచేసిన బెర్నార్డ్ రిమ్లండ్, తన కొడుకు కోసం దొరికినదల్లా చదివి, ఇది శరీరానికి సంబంధించినదే గాని పెంపకానిది కాదని 1964లో పుస్తకం ప్రచురించాడు. దానికి ముందుమాట రాసినది కానరే. 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి, మీరు నిర్దోషులని ప్రకటించినదీ ఆయనే. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ కలిసి 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే పోలికగల కవలల 11 జంటలలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేరు పోలికల కవలల 10 జంటలలో ఒక్కచోటా ఇద్దరికీ లేదు. జన్యువుల పాత్ర అక్కడ స్పష్టంగా బయటపడింది. ఏదో ఒక్క జన్యువు కాదు, అనేకం.

కేసు కొట్టివేసినా నిందితులను వెదికే అలవాటు పోలేదు. 1998లో వేక్‌ఫీల్డ్ అనే ఆయన 12 మంది పిల్లలను చూపి టీకాను దోషిగా నిలబెట్టాడు. లాన్సెట్ పత్రిక 2010లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకొన్నది, అదే ఏడు బ్రిటనులో ఆయన పేరు వైద్యుల పట్టిక నుంచి తొలగించారు. 2019లో ప్రచురితమైన డెన్మార్కు పరిశీలనలో 6 లక్షల 57 వేలకు పైగా పిల్లల వివరాలు చూసినా టీకాకూ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. ఇప్పుడు మన ఇళ్ళలో ఆ బోనెక్కినది ఫోను. పసిపిల్లలకు ఫోను మంచిది కాదు, నిజమే. కాని కానర్ ఆ 11 మందిని చూసిన నాటికి టీవీ కూడా ఇళ్ళలోకి రాలేదు గదా!

ఈ నింద ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? ముందుగా బిడ్డే. రెండేళ్ళు దాటినా మాట రాని పిల్లవాణ్ణి చూపించవలసిన సమయంలో, "మగపిల్లలకు ఆలస్యమే, వాళ్ళ తాతకూ ఐదేళ్ళకు గాని రాలేదు" అన్న ఓదార్పు దొరుకుతుంది. ఆ ఓదార్పును తల్లి ఆత్రంగా అందుకొంటుంది, ఎందుకంటే అది కాకపోతే మిగిలేది నిందే. మాట నేర్పే శిక్షణ మొదలు కావలసిన ఏళ్ళు అట్లా గడిచిపోతాయి. నెత్తిన నేరం ఉన్న మనిషికి ప్రాయశ్చిత్తం అమ్మడం కూడా సులువు. పూర్తిగా నయం చేస్తామన్న ప్రకటనలకు లక్షలు పోసేవారు తెలివితక్కువవారు కారు, అపరాధభావంతో కుమిలిపోతున్నవారు. అమెరికాలో ఉండి బిడ్డకు అన్ని సదుపాయాలూ అందుతున్నా, ఊళ్ళోని అత్తగారికి ఆ మాట చెప్పలేని తెలుగు ఇల్లాళ్ళ సంగతి వేరే రాయాలి.

పోనీ, జాలి చూపేవారి సంగతి? వారు "రెయిన్ మాన్" చూసి, "మీవాడికి లెక్కల్లో ఏదైనా అద్భుతశక్తి ఉందా?" అని అడుగుతారు. లేకపోతే పాపం వాళ్ళకే నిరాశ. 1988 నాటి ఆ చిత్రంలోని పాత్రకు స్ఫూర్తి అయిన కిమ్ పీక్‌కు అసలు ఆటిజం లేదని తరువాత వైద్యులు భావించారు. అటువంటి అద్భుత ప్రతిభ కొద్దిమందిలోనే ఉంటుంది.

డేమియన్ మిల్టన్ అనే ఆంగ్ల సామాజిక శాస్త్రవేత్త, తానూ ఆటిజం ఉన్నవాడు, 2012లో ఒక సూటి ప్రశ్న వేశాడు. వీళ్ళకు మన మనసు తెలియదంటున్నాం సరే, మనకు వీళ్ళ మనసు తెలుస్తున్నదా? తెలియకపోవడం రెండువైపులా ఉన్నప్పుడు లోపం ఒకవైపే ఎందుకు రాస్తున్నాం? మండపంలోని ఆ బంధువులకు ఈ ప్రశ్న వినిపించాలని నాకు చాలా కోరిక.

మన దేశంలో చట్టానికి కూడా ఈ పిల్లలు ఆలస్యంగానే కనిపించారు. 1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాలలో ఆటిజం లేదు. 1999లో జాతీయ ట్రస్టు చట్టం దాన్ని పేరుపెట్టి పేర్కొన్నది. 2016 చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో స్థానం దొరికింది. ధ్రువపత్రానికి వైద్యులు వాడే భారతీయ కొలమానం మాత్రం మన సికింద్రాబాదులోనే, మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో తయారైంది. అందులో 40 అంశాలున్నాయి: చూపు కలపడం, ఒంటరిగా ఉండిపోవడం, మాట, చేతులు ఆడించడం, శబ్దాలకు ఉలికిపడడం వంటివి. ఒక్కొక్కదానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేస్తారు, మొత్తం 70కి చేరితే ఆటిజం ఉన్నట్లు లెక్క. తల్లి ఎట్లా పెంచిందన్న అంశం ఆ 40లో ఎక్కడా లేదు.