సలహా ఎవరిదైనా తీర్పు రైతుదే

మన ధాన్యం తేమ శాతం గొడవ, రొయ్య కౌంటు ధర గొడవ తీరక ముందే పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల సంగతి మనకెందుకని సభ్యులు కొందరు అడగొచ్చు. అడగడంలో తప్పు లేదు. కానీ ఆ దీవుల్లో సాగుకూ చేపల వేటకూ ‘సలహా సహకారం’ పేరుతో ఏళ్ళ తరబడి నడుస్తున్న వ్యవహారం చూస్తే, మన మండలాల్లో రేపు జరగబోయేది ముందే కనబడుతుంది. పైగా ఆ దీవులు మనకు పూర్తిగా పరాయివి కావు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో ఫిజీకి చెరకు కూలీలుగా వెళ్ళినవారిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. చక్కెర కంపెనీ పెత్తనాన్ని ఎదిరించి అక్కడి చెరకు రైతులు 1937లో కిసాన్ సంఘ్ పెట్టుకున్నారు. మన హేచరీలకు వచ్చే వెనామీ తల్లి రొయ్యల్లో చాలా భాగం హవాయి దీవుల నుంచి వస్తున్నవే.

ఫిజీ స్వతంత్ర దేశం. కానీ ఆ సముద్రంలో ఈనాటికీ పెద్ద దేశాల కింద ఉన్న దీవులు చాలా ఉన్నాయి. న్యూ కాలెడోనియా, ఫ్రెంచ్ పాలినేషియా, వాలిస్-ఫుటునా ఫ్రాన్సు కింద ఉన్నాయి. గువామ్, అమెరికన్ సమోవా అమెరికా కింద ఉన్నాయి. టోకెలావ్ న్యూజిలాండ్ కింద ఉంది. వీటికి సాగు, చేపల వేట, నీటి విషయాల్లో సలహాలివ్వడానికి ‘పసిఫిక్ కమ్యూనిటీ’ అనే సంస్థ పనిచేస్తోంది. 1947లో దాన్ని పెట్టింది దీవుల వాళ్ళు కాదు, వాళ్ళను ఏలుతున్న ఆరు దేశాలు. తర్వాతి కాలంలో దీవుల వాళ్ళు కూడా సభ్యులై తమ మాట వినిపించుకోగలిగారు. యూరప్ సమాఖ్య 3 కోట్ల 60 లక్షల యూరోలతో ‘ప్రొటెజె’ అనే పథకాన్ని 2018లో అక్కడ మొదలుపెట్టింది. ఫ్రాన్సు కింది మూడు ప్రాంతాలకూ, బ్రిటన్ కింది పిట్‌కేర్న్‌కూ కలిపి, ప్రకృతికి దగ్గరగా సాగు, తీరప్రాంత చేపల వేట, నీటి రక్షణ దాని పనులు.

ఈ డబ్బు దానం అనుకుంటే పొరపాటు. ఫ్రెంచ్ పాలినేషియాలో మకతేయా అనే చిన్న దీవి ఉంది. 1966 దాకా దాన్ని తవ్వి ఫాస్ఫేట్ పట్టుకుపోయారు. ఆ మట్టి జపాన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలకు ఎరువుగా వెళ్ళింది. దీవిలో మిగిలింది గోతులు. ఒకరి నేల తవ్వి మరొకరి పొలానికి బలం తెచ్చాక, ఇప్పుడు ‘సుస్థిర సాగు’ నేర్పుతామంటే దీవి రైతు కాస్త అనుమానంగా చూడడా? అలాగని సలహా చెప్పడానికి వచ్చినవాళ్ళంతా మోసగాళ్ళని నేననను. సలహా ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ కాలేదు అన్నది విడివిడిగా చూడాలి.

ముందు కొబ్బరి సంగతి చూద్దాం. మా కోనసీమ రైతుకు కొమ్ము పురుగు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మొవ్వులోకి దూరి తొలిచేస్తుంది, విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టుంటుంది. 2007లో ఆ పురుగు గువామ్‌లో కనిపించింది. నిపుణులొచ్చారు, ఎర బుట్టలు పెట్టారు, నిర్మూలిస్తామన్నారు. 1967లో సమోవాలో ఈ పురుగు మీదికి ఒక వైరస్‌ను వదిలితే బాగా పనిచేసింది. గువామ్‌కు వచ్చిన పురుగు తీరు వేరు, ఆ వైరస్‌కు అది లొంగలేదు. 2015లో వచ్చిన తుఫానుకు చెట్లు కూలి, కుళ్ళిన మొద్దుల్లో పురుగు విపరీతంగా పెరిగింది. 1996 నవంబరు తుఫానులో కోనసీమ తోటలు నేలమట్టం కావడం చూసినవాళ్ళకు అలాంటి మొద్దులెన్ని పడి ఉంటాయో తెలుసు. ఒకచోట పనిచేసిన మందు ఇంకోచోట పనిచేస్తుందన్న నమ్మకం లేదు. పెంటదిబ్బ తిరగెయ్యడం, పచ్చబూజు మందు కలపడం, కుళ్ళిన మొద్దు తగలబెట్టడం ఒక్క తోటలో చేస్తే చాలదు. ఊరంతా కలిసి చెయ్యాలి. ఊరిని కదిలించలేని సలహా ఎంత గొప్ప శాస్త్రమైనా కాగితం మీదే ఉంటుంది.

ఇప్పుడు చేమ దుంప. ఆ దీవుల్లో చేమంటే మనకు వరి అన్నంత. 1993లో సమోవాకూ, పక్కనే ఉన్న అమెరికన్ సమోవాకూ చేమ ఆకుమాడు తెగులు వచ్చిపడింది. అప్పటికి సమోవా రైతులు ఎగుమతి కోసం దాదాపు ఒకే రకం వేస్తున్నారు. ఏడాది తిరగకుండా ఎగుమతి సున్నాకు దగ్గరగా పడిపోయింది. అక్కడ జరిగిన మంచి పనేమిటంటే, విశ్వవిద్యాలయం వాళ్ళు కొత్త రకాలను తయారుచేసి మడిలోనే ఉంచుకోలేదు. తెగులు తట్టుకునే ఇతర ప్రాంతాల రకాలతో కలిపి పుట్టించిన మొక్కలను రైతుల చేతికిచ్చారు. ఏది తెగులు తట్టుకుంది, ఏది ఉడికాక రుచిగా ఉంది, ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది రైతులే తేల్చారు. మళ్ళీ చేమ నిలబడింది, ఎగుమతి కూడా మొదలైంది. ఇక్కడ సలహాదారుడు, రైతు ఒకే గట్టు మీద నిలబడ్డారు. తేడా అదే.

చేపల వేటలో ఇంకో పాఠం ఉంది. ఫ్రెంచ్ పాలినేషియాలో ‘రాహుయి’ అనే పాత కట్టుబాటు ఉంది. ఫలానా చోట, ఫలానా కాలం చేప పట్టకూడదని ఊరు నిర్ణయిస్తే అందరూ పాటించాలి. వలస పాలనలో మరుగునపడ్డ ఆ పద్ధతిని ఈమధ్య మళ్ళీ లేపారు. ఊరివాళ్ళ కమిటీ కాపలా, శాస్త్రవేత్తల లెక్క రెండూ కలిశాయి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే, మన మత్స్యకారులూ కాదనడం లేదు. కానీ ఆ తేదీలు నిర్ణయించేటప్పుడు పల్లెకారుల కుల పెద్దల్ని కూర్చోబెట్టి అడిగితే నిషేధం పోలీసు పనిగా కాక ఊరి పనిగా నడుస్తుంది.

అన్నిటికన్నా మన సంఘాలకు నచ్చే కథ టూనా చేపది. 1982లో ఏడు చిన్న దీవి దేశాలు నౌరు ఒప్పందం కింద కలిశాయి. అప్పటిదాకా పెద్ద దేశాల ఓడలు ఒక్కొక్క దీవితో విడిగా బేరమాడి, పట్టిన చేప విలువలో స్వల్పమే చేతిలో పెట్టి వెళ్ళేవి. 2007 నుంచి వాళ్ళు పద్ధతి మార్చారు. ఏడాదికి మొత్తం ఇన్ని ఓడ-రోజులు మాత్రమే అమ్ముతామన్నారు, అంతకు తక్కువకు ఎవరూ అమ్మకూడదని కనీస ధర కట్టారు. ఆ ధర రోజుకు 8,000 డాలర్లకు చేరింది. రాబడి ఎన్నో రెట్లు పెరిగింది. మూడే మూడు పగడపు దీవులు, పదిహేను వందల జనం ఉన్న టోకెలావ్ కూడా ఆ పద్ధతిలో చేరింది. సముద్రంలో టూనా ఎంత ఉందో, ఎంత పట్టొచ్చో శాస్త్రవేత్తలు లెక్క చెప్పారు. ధర మాత్రం దీవులు తామే కట్టాయి. మనం మద్దతు ధరకు చట్టబద్ధత అడుగుతున్నదీ ఇదే కదా! కనీస ధరకు తక్కువగా ఎవరూ కొనకూడదనే మాట చిన్న దీవులు అమలు చెయ్యగలిగితే ఇంత పెద్ద దేశం చెయ్యలేదా?

ఇక మన ఇంటి సంగతి. 1999లో మెకిన్సీ అనే విదేశీ కన్సల్టెన్సీ కంపెనీ సాయంతో ఉమ్మడి రాష్ట్రానికి విజన్-2020 పత్రం వచ్చింది. వ్యవసాయం మీద బతికే జనాన్ని 70 శాతం నుంచి 40 శాతం దాకా తగ్గించాలని అందులో రాసుకున్నారు. ఆ తగ్గిపోయే జనం ఎక్కడికి పోవాలో మాత్రం లేదు. 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ జరిగింది. సన్నకారు రైతులు, ఎక్కువమంది మహిళలు, జ్యూరీగా కూర్చుని అధికారులనూ కంపెనీ వాళ్ళనూ శాస్త్రవేత్తలనూ ప్రశ్నించి ఆ పత్రం దారి తమకు వద్దని తేల్చి చెప్పారు. సలహాను రైతు కోర్టులో నిలబెట్టడం మనకూ తెలిసిన విద్యే. దాన్ని మరిచిపోయాం.

ఇప్పుడు మళ్ళీ కన్సల్టెంట్ల కాలం వచ్చింది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, ఆక్వాకు, పంట సర్వేలకు, అన్నిటికీ వాళ్ళే. మా మండలానికి ఒక సంస్థ తరఫున ఇద్దరు కుర్రాళ్ళు ట్యాబులు పట్టుకుని వచ్చారు. ఎన్ని ఎకరాలు, ఎన్ని బస్తాలు, ఎంత అప్పు అని అరగంట అడిగారు. కౌలు రైతుకు కాలమే లేదు, పట్టాదారు పేరే రాసుకున్నారు. ఆ నివేదిక ఏమైందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు ఎవరికి జవాబు చెప్పాలో ఆ కాగితం ముందే నిర్ణయించింది, అందులో మన పేరు లేదు.

అందుకే మన సంఘం నాలుగు మాటలు గట్టిగా అడగాలి. ఒకటి, సాగు మీద, చేపల మీద ఏ కన్సల్టెన్సీ నివేదికైనా తెలుగులో రావాలి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో రైతు వేదికలో చదివి, గ్రామసభ ఒప్పుకున్నాకే అమలు చెయ్యాలి. రెండు, వాళ్ళకు ఎంత ఇస్తున్నారో, విత్తనం, పురుగుమందు, మేత కంపెనీలకు కూడా వాళ్ళే పనిచేస్తున్నారో బయటపెట్టాలి. మూడు, ఫీజులో కొంత భాగం రెండు పంటలు గడిచాక, రైతులు పనికొచ్చిందన్నాకే చెల్లించాలి. పంట పోతే రైతు నష్టపోతున్నప్పుడు సలహా ఇచ్చినవాడికి ఏ నష్టమూ లేకపోవడం న్యాయం కాదు. నాలుగు, తోటి రైతుకు నేర్పే అనుభవం ఉన్న రైతును, మహిళా రైతును, మత్స్యకారుణ్ణి కూడా సలహాదారుగా గుర్తించి దానికి తగిన వేతనం ఇవ్వాలి. నేర్పేది పొలంలో చెప్పులు లేకుండా నడిచినవాడైతే వినే రైతుకు నమ్మకం ఎక్కువ.

వచ్చే నెల మండల మహాసభల్లో ఈ నాలుగు మాటలనూ తీర్మానాలుగా పెట్టండి. మీ మండలంలో ఈ మూడేళ్ళలో ఎన్ని సర్వేలు జరిగాయి, ఎన్ని నివేదికలు ఊరికి తిరిగొచ్చాయి అన్నది లెక్క రాసి తీసుకురండి. ఆ లెక్క చేతిలో ఉంటే కలెక్టరు ముందు మన మాటకు బరువుంటుంది.