మీసమున్నదీ మీసం లేనిదీ

మృగశిర కార్తె నాడు గన్‌ఫౌండ్రీ, అబిడ్స్ వీధుల్లో దారి అడిగే కొత్త ముఖాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో నిజాం కోసం ఫిరంగులు పోత పోయించిన ఈ పేట మీదుగా ఎందరో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి చేరుకుంటారు. అక్కడ బత్తిని కుటుంబం చేప ప్రసాదం పంచుతుంది. 1845 నుంచి తమ ఇంట ఈ ఆనవాయితీ నడుస్తోందని వారు చెబుతారు. వేలెడంత కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి, బతికుండగానే దాన్ని ఉబ్బసం రోగి గొంతులోకి జారవిడుస్తారు. ఆ చేప పిల్లల్ని మత్స్యశాఖ కౌంటర్లు పెట్టి అమ్ముతుంది. దీనివల్ల జబ్బు తగ్గుతుందనడానికి వైద్యపరమైన రుజువు లేదు. అయినా జనం వస్తూనే ఉన్నారు. కొవిడ్‌తో ఆగిపోయి 2023లో మళ్లీ మొదలైనప్పుడూ ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

అదే రోజున హైదరాబాదులో చాలా ఇళ్లలో చేపల పులుసు ఉడకాల్సిందే. ముషీరాబాద్ మార్కెట్లోనూ, ఇటు బేగంబజార్‌లోనూ కాలు పెట్టే సందుండదు. అక్కడ బేరానికి ముందే లొంగదీసేది కొర్రమీను. తొట్టెలో కదులుతూ ఉండాలి, కళ్లముందే కోయాలి, ఎంత చెబితే అంత ఇచ్చి తీసుకోవాలి. తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర చేప హోదా కూడా దీనికే దక్కింది. పక్క గంపలో మీసాలు ఆడిస్తున్న చేపను మాత్రం కొందరు చూసీ చూడనట్టు దాటిపోతారు. ఈ పెద్ద చిన్న తేడా పులుసు దగ్గరే ఆగలేదు. సరదాకు గాలం వేసేవాళ్ల మధ్య కూడా ఉంది.

కొర్రమీను పొంచి ఉండి వేటాడే చేప. చెరువు అంచున తూటికాడల నీడలో, తామరాకుల సందులో కదలకుండా ఉంటుంది. పైన కప్ప దూకిందంటే నీళ్లు చిమ్ముతూ లేచి అందుకుంటుంది. దీనికి మొప్పలొక్కటే చాలవు. అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి మింగి పోవాలి. అనుభవమున్న గాలగాడు ఆ బుడగను కనిపెట్టి, ఆ పక్కకే రబ్బరు కప్పను విసురుతాడు. విసరడం, లాగడం, నాలుగడుగులు నడవడం, మళ్లీ విసరడం. అతనికి కూర్చునే తీరిక ఉండదు. ఫలితం ఏదైనా కళ్లెదుటే తేలిపోతుంది. కొర్రమీను మీద మోజంతా ఆ ఒక్క క్షణంలోనే ఉంది.

మీసాల చేపల దారి వేరు. వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి అడుగున తిరుగుతాయి, చాలావరకు చీకటి పడ్డాకే మేతకు కదులుతాయి. బురదనీటిలో కళ్లు పెద్దగా పనికిరావు కాబట్టి మీసాలతో తడుముకుంటాయి, వాసన పట్టుకుని వస్తాయి. వీటి కోసం వచ్చినవాడు ఎర్రలో, కోడి పేగులో గుచ్చి, బరువు కట్టి, దారం అడుగుకు వదిలి కూర్చుంటాడు. ఇక అతని పని ఎదురుచూడటమే. దారం కదిలాక కూడా పైకొచ్చేది ఏమిటో చెప్పలేడు. అది అరచేయంత జెల్ల కావచ్చు, మీటరు పొడవు వాలుగ కావచ్చు. జెల్ల ముల్లు గుచ్చుకున్నా, ఇంగిలాయి ముల్లు దిగినా ఆ రాత్రి నిద్ర ఉండదు. ఇంగ్లిషువాళ్లు మంచినీటి సొర అని పిలిచిన వాలుగ మాత్రం పట్టినవాడి బలాన్ని పరీక్షించి గానీ గట్టుకు రాదు.

అమెరికాలో ఈ జోడీ పేర్లు బాస్, క్యాట్‌ఫిష్. మన చెరువుల్లో ఆ బాస్ లేదు. కోస్తాలో సీబాస్‌గా అమ్ముడయ్యే పండుగప్ప ఉప్పుటేర్ల చేప, దాని వంశం వేరు. చెరువులో బాస్ చేసే పనిని మన దగ్గర కొర్రమీను చేస్తుంది. అక్కడ కూడా దర్జా అంతా పొంచి కొట్టేదానిదే. రే స్కాట్ అనే ఆయన 1967లో ఆర్కన్సాలోని బీవర్ సరస్సు మీద బాస్ పోటీ పెట్టాడు. అది పెరిగి పెద్ద బహుమతుల క్రీడ అయింది. క్యాట్‌ఫిష్‌కు ఆ హంగు లేదు గానీ, సాయంత్రం కుర్చీ వేసుకుని గట్టున కూర్చునే కుటుంబాల అభిమానం దానికి దండిగా ఉంది. డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాల తెలుగువాళ్లకు టెక్సస్ నిబంధనలు తెలిసే ఉంటాయి. బాస్‌ను సాధారణంగా రోజుకు అయిదుకు మించి ఉంచుకోకూడదు, 14 అంగుళాలకు తక్కువైతే నీళ్లలో వదిలేయాలి. ఛానెల్, బ్లూ రకాల క్యాట్‌ఫిష్‌ను కలిపి 25 దాకా తీసుకెళ్లవచ్చు. ఒకటి ఆటకు, ఒకటి కూరకు అని చట్టమే ఒప్పుకున్నట్టుంది.

ఏది గొప్పదన్న వాదం ఎంతసేపు సాగినా, అందులో తేలేది చేప గుణం కాదు, గాలం పట్టినవాడి స్వభావం. నిలకడ లేనివాడికి కొర్రమీను, తొందర లేనివాడికి వాలుగ. వయసు పెరిగేకొద్దీ మొదటివాడు రెండోవాడి పక్కకు జరగడమూ ఉంది. ఇక చేప మంచిచెడ్డలంటారా, అవి అది పుట్టిన నీటిని బట్టి ఉంటాయి. ఇందుకు రెండు ఉదాహరణలు చాలు.

అమెరికాలో అంత మర్యాద పొందే బాస్‌ను జపాన్ వాళ్లు 1925లో తెచ్చుకుని ఒక సరస్సులో వదిలారు. అది అక్కడి చిన్న చేపల్ని మింగుతూ పెరిగింది. 2009లో ప్రపంచ రికార్డును అందుకున్న బాస్ దొరికింది బివా సరస్సులోనే. పది కిలోలకు పైగా తూగింది. కానీ అదే బివాలో బాస్‌ను పట్టి తిరిగి నీళ్లలో వదలడం నిబంధనలకు విరుద్ధం. మన దగ్గర ఆ పాత్ర ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ది. దొరికినదల్లా మింగి స్థానిక చేపల్ని మిగల్చదని 2000లోనే కేంద్రం దాని పెంపకాన్ని నిషేధించింది. అయినా నగర శివార్లలో దొంగచాటుగా గుంటలు తవ్వడం, కోళ్ల వ్యర్థాలు పోసి పెంచడం, అధికారులు దాడి చేసి పూడ్చడం తరచుగా వార్తల్లో చూస్తున్నాం. ఆ పాపం పెంచినవాళ్లది. నింద మాత్రం మీసమున్న ప్రతి చేపకూ అంటుకుంది. మార్పు, ఇంగిలాయి మన పొలం గుంటల్లో పుట్టి పెరిగినవే. వాలుగ అయితే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ముప్పున్న చేపగా నమోదై ఉంది. గంపలో దాన్ని చూసి మొహం తిప్పుకునే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

మనం నెత్తిన పెట్టుకున్న కొర్రమీనునైనా సరిగ్గా చూస్తున్నామా? తొలకరి పడ్డాక అది గట్టు వార గడ్డిలో గూడు చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రని గుంపుగా నీటి పైన తేలుతుంటే తల్లీతండ్రీ కింద కాపలా తిరుగుతాయి. ఆ గుంపు మీదకు ఏది వచ్చినా కరవడానికి దూకుతాయి. ఆకలితో కాదు, పిల్లల కోసం. ఈ సంగతి తెలిసిన కొందరు సరిగ్గా ఆ ఎర్ర గుంపు మధ్యకే గాలం విసురుతారు. పెద్ద చేప తప్పకుండా దొరుకుతుంది. ఆ తర్వాత కాపలా లేని పిల్లలు మిగతా చేపలకూ కొంగలకూ మేత అవుతాయి. ఇందులో నైపుణ్యం ఏమీ లేదు.

టెక్సస్‌లో 1986 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. 13 పౌండ్లు దాటిన బాస్ దొరికితే గాలగాళ్లు దాన్ని బతికుండగానే గుడ్ల కోసం ప్రభుత్వ కేంద్రానికి అప్పగించవచ్చు. పని ముగిశాక చేపను తిరిగి నీళ్లలో వదులుతారు. మనకు అంత ఏర్పాటు లేకపోయినా ఫరవాలేదు. నాంపల్లి మైదానంలో కొర్రమీను పిల్లలు చేతులు మారే ఈ రోజుల్లోనే చెరువుల్లో వాటి తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి. గాలం పట్టే మిత్రులారా, ఎర్ర గుంపు కనిపించిన చోట మాత్రం గాలం వేయకండి. మిగతా చెరువంతా మీదే.