సంధి కాగితంలో మనం లేం

1860లో హైదరాబాదు నిజాం, ఆంగ్లేయులు ఒక సంధి రాసుకున్నారు. ఆ కాగితంతో గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలు ఆంగ్లేయుల పాలయ్యాయి. చరిత్ర చెప్పేవాళ్ళు 'నిజాం ఇచ్చాడు' అని ఒక్క మాటలో దాటేస్తారు. ఎవరి అడవిని ఎవరు ఎవరికి ఇచ్చారు? కోయలను, కొండరెడ్లను అడిగినవాడెవడు?

అదే సంధిలో ఇంకో షరతు ఉంది. గోదావరి మీద నడిచే సరుకుకు సుంకం ఉండకూడదు. నాగపూరు, బేరారు వైపు పత్తిని పడవల మీద సముద్రానికి దించాలని ఆంగ్లేయుల ఆశ. దుమ్ముగూడెం దగ్గర నదిలో బండలు అడ్డం కనుక అక్కడ ఆనకట్ట, లాకులు కట్టారు. ఖర్చు తడిసి మోపెడయ్యేసరికి 1871లో పథకాన్ని వదిలేశారు. పడవల దారి ఆగింది. తాలూకాలు మాత్రం వెనక్కి రాలేదు.

నిజాం చేతులు అంతకుముందే కట్టేసి ఉన్నాయి. 1802 వర్తక సంధి ప్రకారం కంపెనీ ఇలాకా నుంచి వచ్చే సరుకు మీద 5 శాతానికి మించి సుంకం వేయడానికి లేదు. 1838లో టర్కీ సుల్తాను ఆంగ్లేయులతో చేసుకున్న ఒప్పందంలోనూ దిగుమతుల మీద అదే 5. నల్లమందు యుద్ధంలో ఓడిన చైనా మీద 1840లలో రుద్దినదీ ఇంచుమించు అంతే. ఆ అంకెకు అంత మహిమ ఏమిటో! మూడు చోట్లా పోయింది ఒక్కటే: తన గుమ్మంలో సుంకం తానే నిర్ణయించుకునే హక్కు. కంటింజెంటు సైన్యం ఖర్చుల బాకీ కింద 1853లో బేరారు కూడా నిజాం చేయి జారింది.

నిజాం కోసం ఏడవమని మేం అనడం లేదు. ఆయనకు కాగితం చదివి చెప్పే దివానులున్నారు. మన పెద్దలకు ఎవరున్నారు? 1879 రంప తిరుగుబాటుకు కల్లు పన్ను, పోలీసుల జులుంతో పాటు ఇంకో కారణాన్ని ఆంగ్లేయ అధికారులే రాసుకున్నారు. మైదానం వర్తకులు కొండవాళ్ళతో నోటిమాట ఒప్పందాలు చేసుకుని, ఎక్కడో ఉన్న కోర్టులో దావా వేసి, వీళ్ళు లేకుండానే డిక్రీ తెచ్చుకుని, ఆస్తి జప్తు చేయించేవారు. రేకపల్లిలో పోడు పన్ను పెంచడం దానికి తోడైంది. తిరుగుబాటు భద్రాచలం తాలూకా దాకా పాకడం ఊరికే జరగలేదు.

ఇప్పుడు 1/70 చట్టం ఉంది. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. అడవి ఫలసాయం మీద హక్కు గ్రామసభదే అని 1996 పెసా చెబుతుంది. మంచిదే. మరి సంతలో చింతపండు గంప దించితే ధర పలికేది ఎవరు? కాటా ఎవరిది? తరుగు తీసేది ఎవరు? అప్పిచ్చిన షావుకారుకే ఇప్పపువ్వు పోయాలని ఏ చట్టంలో రాసి ఉంది? 2014లో పోలవరం కోసం మన మండలాలు మళ్ళీ రాష్ట్రం మారినప్పుడూ ఆర్డినెన్సు వచ్చింది గానీ, గ్రామసభల మాట కోసం ఎవరూ ఆగలేదు.

టీచర్లను మేం అడిగేది ఇది. 1860 సంధిని పిల్లలకు మ్యాపు పరిచి చెప్పండి. వచ్చే సంతకు వాళ్ళ చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి పంపండి. ఇంట్లో తూచిన బరువు ఎంత, షావుకారు కాటాలో ఎంత, సంస్థ ప్రకటించిన ధర ఎంత, చేతికి వచ్చింది ఎంత, అన్నీ రాసుకు రమ్మనండి. ఆ పుస్తకాలు గ్రామసభలో చదవండి, షావుకారు కూడా వినేలా.