ఆపినవాడికి లెక్క ఏదీ?

1956 డిసెంబరు, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్. ఎదుట యుగోస్లావియా. సగం ఆట అయ్యేదాకా వాళ్లకు ఒక్క గోల్ కూడా దక్కలేదు. రెండో సగం మొదట్లోనే నెవిల్ డిసౌజా గోల్ కొట్టి భారత్‌కు ఆధిక్యం తెచ్చాడు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. 4-1తో ఓడాం. నాలుగో గోల్ మన హాఫ్‌బ్యాక్ సలాం చేసిన సెల్ఫ్ గోల్. రికార్డు పుస్తకంలో డిసౌజా పేరు గోల్ పక్కన ఉంది, సలాం పేరు పొరపాటు పక్కన ఉంది. మొదటి సగమంతా గోల్ పడకుండా కాచినవాళ్లకు మాత్రం అందులో చోటే లేదు.

ఆ జట్టు డిఫెండర్లలో హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాడు సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ ఒకడు. నాలుగేళ్ల ముందు హెల్సింకీలోనూ అతను ఆడాడు. అప్పుడూ యుగోస్లావియాతోనే పోటీ. చలిదేశంలో, మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడి 10-1తో చిత్తయ్యారు. పది గోల్స్ నుంచి నాలుగుకు రావడం చిన్న సంగతా? దాని వెనక కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కష్టం ఉంది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన పోలీస్ జట్టు ఆయన చేతుల్లో తయారైందే. ఆ జట్టులో అజీజుద్దీన్ పాత్ర ఎంతో ఈ తరానికి చెప్పేవాళ్లు లేరు.

కెనడాలో మాత్రం ఆపినవాళ్లను అలా మరిచిపోలేదు. అక్కడి ఫుట్‌బాల్ చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, జట్టుకు పన్నెండు మంది. ప్రత్యర్థి విసిరిన బంతిని గాల్లోనే అడ్డుకోవడం డిఫెన్సివ్ బ్యాక్ పని. లెస్ బ్రౌన్ అనే ఆటగాడు తన కెరీర్‌లో 87సార్లు అలా బంతి లాక్కున్నాడు. ఎవరో కూర్చుని ప్రతిసారీ రాసిపెట్టారు కనుకే ఆ అంకె ఉంది, 2002లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటూ దక్కింది.

మన పూతలపట్టు వైపు పిల్లలకు ఇలా అడ్డుకునే పని కొత్తేం కాదు. కబడ్డీ కోర్టులో కార్నర్ కుర్రాడిని గమనించండి. నడుం వంచి, చూపంతా రైడర్ పాదాల మీదే పెట్టి కాచుకుని ఉంటాడు. బోనస్ కోసం కాలు చాపిన క్షణంలో మోకాళ్ల మీద పడి రెండు చేతులతో మడమ పట్టేస్తాడు. పట్టు జారితే మోచేతులు గీరుకుపోతాయి, పైగా తనే అవుట్. ఇంత తెగువ చూపినా కేకలూ ఈలలూ రైడర్‌కే. మైకులో మారుమోగేదీ అతని పేరే.

ప్రొ కబడ్డీ వచ్చాక డిఫెండర్ విలువ డబ్బు రూపంలోనూ తెలిసింది. 2018 వేలంలో తొలిసారి కోటి రూపాయలు పలికింది ఇరాన్ కార్నర్ ఫజల్ అత్రాచలీకే. 2023లో అదే దేశపు మహమ్మద్ రెజా షాద్లూయీకి పుణె జట్టు 2.35 కోట్లు పెట్టింది. ఆ ధర ఊరికే రాలేదు. లీగ్‌లో ప్రతి ట్యాకిల్‌కూ ఆటగాడి పేరు మీద పాయింటు పడుతుంది కనుకే వచ్చింది.

ఆ పద్ధతి మన హైస్కూలు పోటీలకూ, సంక్రాంతి టోర్నీలకూ రావాలి. స్కోరు షీటులో జట్టు పాయింట్లతో సరిపెట్టకుండా పట్టు ఎవరిదో కూడా రాయాలి. అది పీఈటీ సార్లు తలచుకుంటే వచ్చే సంక్రాంతికే అయ్యే పని. జిల్లా జట్టు ఎంపికకు వెళ్లే కార్నర్ కుర్రాడి చేతిలో ఆ కాగితం ఉండాలి.