సమీక్షకులు వ్రాయని సంగతి

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్న కార్లపై పన్ను తగ్గినది. నాలుగు మీటర్లకు మించని బండ్లలో, 1200 సి.సి.కి లోబడిన పెట్రోలు బండ్లును, 1500 సి.సి.కి లోబడిన డీజిలు బండ్లును 18 శాతపు జి.యస్.టి. క్రిందికి వచ్చినవి. పూర్వము 28 శాతమును, దానిపై సెస్సును ఉండెడివి. ఇన్నాళ్లు స్కూటరుతో సరిపెట్టుకొన్న మన కుటుంబములలో పలువురు ఇప్పుడు కారు మాట తలపెట్టుచున్నారు. సంతోషమే.

మా తమ్ముని కుమారుడును వారిలో ఒకడు. కొత్త బండ్లపై వచ్చిన సమీక్షలన్నియు చదివి నా వద్దకు వచ్చినాడు. ముందున్న తెర ఎన్ని అంగుళములో, సన్‌రూఫు ఎంతవరకు తెరచుకొనునో, లీటరునకు ఎన్ని కిలోమీటర్లు వచ్చునో కంఠస్థముగా ఒప్పగించినాడు. “వెనుక నడుమ కూర్చుండు మీ అమ్మకు బెల్టు భుజము మీదుగా వచ్చునా, నడుమునకు మాత్రమేనా?” అని అడిగితిని. “ఆ సంగతి ఎవరును వ్రాయలేదు, పెదనాన్నా” అన్నాడు. నా అభ్యంతరమంతయు అక్కడనే యున్నది.

కారు ఎంత బలమైనదని అడుగు అలవాటు మన దేశమున ఇటీవలిదే. ఒకే స్కూటరుపై సంసారమంతయు పోవుట చూచి చలించి రతన్ టాటా నానో కారును సంకల్పించినారు. 2008 జనవరిలో దానిని ఢిల్లీలో ప్రదర్శించిరి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ ఆ నానోతోపాటు ఆల్టో 800, ఐ10, ఫిగో, పోలో కార్లలో ఎయిర్‌బ్యాగులు లేని రకములను గంటకు 64 కిలోమీటర్ల వేగముతో అడ్డుదిమ్మెకు ఢీకొట్టించిన ఫలితములు ప్రకటించినది. పెద్దల రక్షణ విషయమున అయిదింటికిని సున్న నక్షత్రములే వచ్చినవి. అయినను సున్నలన్నియు ఒకటి కావు. నానో, ఆల్టో, ఐ10ల దేహము ఆ దెబ్బకు తాళలేదు; ఫిగో, పోలోల దేహము నిలిచినది. అందువలననే రెండు ఎయిర్‌బ్యాగులు అమర్చిన పోలోకు నాలుగు నక్షత్రములు లభించినవి. దేహము నలిగిపోవు బండిలో ఎన్ని సంచులుబ్బినను ప్రయోజనము స్వల్పము.

బలమైన బండి చేసినచో ధర అందుబాటులో ఉండదని తయారీదారులు చిరకాలము వాదించిరి. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్‌కును, 2024 నవంబరులో మారుతి డిజైర్‌కును అయిదేసి నక్షత్రములు వచ్చినవి. రెండును ఇప్పుడు పన్ను తగ్గిన తరగతిలోనివే.

2023 అక్టోబరు 1వ తేదీనుండి భారత్ ఎన్‌క్యాప్ పేరిట మన ప్రభుత్వమే ఇట్టి పరీక్ష ఏర్పరచినది. మెచ్చదగిన పనియే గాని, ఈ పరీక్ష నిర్బంధము కాదు. పరీక్షకే రాని బండికి చెడ్డపేరును రాదు. అమ్మకమునకు వచ్చు ప్రతి కారునకును ఈ పరీక్ష తప్పనిసరి చేయవలెననియు, సమీక్షకులు తెర కొలతలకు ముందు నక్షత్రముల లెక్క వ్రాయవలెననియు నా మతము. ఏ సంవత్సరపు పరీక్షయో కూడ వ్రాయవలెను. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022 జూలైలో తన పరీక్షను కఠినతరము చేసినందున పాత నక్షత్రములును కొత్తవియు సమానములు కావు.

స్కూటరుపై నలుగురు పోవుటకంటె నక్షత్రము లేని కారైనను మేలు కదా యని కొందరందురు. ఈ మాటను నేను తేలికగా త్రోసివేయను. ఆ నలుగురును వానలో తడియుట నేనును చూచితిని. కాని కారెక్కిన కుటుంబము స్కూటరు వేగమున పోదు. వేగము రెట్టింపైనచో దెబ్బలోని శక్తి నాలుగింతలగును.

ఇక మన తప్పు మాట. హోసూరు ప్రాంతమునుండి కృష్ణగిరి, వేలూరు, చిత్తూరుల మీదుగా తిరుపతికి పోవు మన బండ్లలో అయిదుగురి చోటున ఏడుగురుందురు. చంటిబిడ్డ ముందుసీటులో తల్లి ఒడిలో ఉండును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి దేనినో ఢీకొని సెకనులో పదవవంతున ఆగినదనుకొందము. పది కిలోల బిడ్డను పట్టి ఆపుటకు ఆ క్షణమున సుమారు 140 కిలోల బరువు మోయునంత బలము కావలెను. ఏ తల్లి చేతులకు అది సాధ్యము? సన్‌రూఫునుండి పిల్లలను నిలువబెట్టి ఊరేగించుట చూచినప్పుడెల్ల నాకు గుండె జల్లుమనును.

2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించినారు. బెల్టు పెట్టుకొననివారు వారిలో 16,715 మంది. అందు 8,331 మంది బండి నడుపువారు కారు, కేవలము ప్రయాణికులు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 4వ తేదీన పాల్ఘర్ వద్ద మరణించిన సైరస్ మిస్త్రీ ప్రయాణించినది ఖరీదైన బండి. ఆయన వెనుకసీటులో బెల్టు లేకుండ కూర్చుండిరి.

మా వాడు మరల దుకాణమునకు పోయినాడు. ఈసారి ప్రదర్శనకు పెట్టిన బండి వెనుకసీటులో కూర్చుండి నడిమి బెల్టు అడిగినాడట. అది సీటు కవరు క్రింద చిక్కియున్నది. పైకి తీయుటకు అమ్మువానికి చాలసేపు పట్టినదట.