అమ్మను గదిలో దాచకండి



మన ఊరి నుండి వెళ్ళి సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో కాపురమున్న కుటుంబాలను దర్శించడానికి మేము అప్పుడప్పుడు వెళ్తుంటాము. ఈమధ్య అక్కడ ఒకే రకమైన మాట ఎక్కువగా వింటున్నాము. "అయ్యగారూ, మా అత్తమ్మ అన్నం తిన్న పది నిమిషాలకే అన్నం పెట్టలేదంటుంది. పొద్దుగూకితే మా ఇంటికి పోతానని చెప్పులేసుకుంటుంది. దయ్యమేమో, ప్రార్థన చేయండి." ఈ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు, తలుపు దగ్గరకేస్తారు. పక్కింటివారికి తెలియకూడదని!

ప్రార్థన తప్పకుండా చేస్తాము. కానీ ఆ తలుపు గురించి ఈరోజు మాట్లాడుకోవాలి.

ఇది దయ్యమూ కాదు, శాపమూ కాదు. ఆ తల్లి విశ్వాసం తగ్గిపోయిందనడానికి గుర్తు అంతకన్నా కాదు. డిమెన్షియా అనేది మెదడుకు వచ్చే జబ్బు. అందులో ఎక్కువగా కనబడే అల్జీమర్స్‌ను 1906లోనే ఒక జర్మన్ వైద్యుడు గుర్తించి వివరించాడు. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఆ లెక్కన నలభై మంది పెద్దలున్న సంఘంలో ముగ్గురైనా ఉండవచ్చు. మరి వాళ్ళు ఆరాధనలో ఎందుకు కనబడరు? ఇంట్లో ఉన్నారు గనుక, మనం అడగలేదు గనుక.

దాచడంలో మొదటి నష్టం వైద్యానికి. మతిమరుపంతా డిమెన్షియా కాదు. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ లోపమున్నా, మనోవ్యాకులత ఉన్నా, కొన్ని మందుల వల్లా మనిషి తికమకపడవచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. చెవుడు వచ్చిన పెద్దలను కూడా మనం మతి లేనివారిగా లెక్కగట్టేస్తాము. కాబట్టి "వయసైపోయింది, చాదస్తం" అని తేల్చేయకముందే డాక్టరుకు చూపించాలి. గాంధీ ఆసుపత్రి ఉంది, నిమ్స్ ఉంది. ప్రార్థన చేయించాము గదా అని ఆసుపత్రికి వెళ్ళడం మానవద్దు. లూకా కూడా వైద్యుడే.

రెండవ నష్టం ప్రాణానికే. రెజిమెంటల్ బజార్ నుండి నడిచి వెళ్ళేంత దూరంలో రైల్వే స్టేషన్ ఉంది. ఇంటికి పోతానని బయలుదేరిన తల్లి ఏదో ఒక రైలెక్కితే తెల్లవారేసరికి ఏ రాష్ట్రంలో ఉంటుందో! పైగా గుర్తులన్నీ మారిపోతున్నాయి. స్టేషన్ పాత భవనాన్ని 2025లో కూల్చి కొత్తది కడుతున్నారు. స్టేషన్ దగ్గరున్న గాంధీ ఆసుపత్రి 2003లోనే ముషీరాబాద్‌కు వెళ్ళిపోయింది. అక్కడే పుట్టి పెరిగిన పెద్దల మనసులో మాత్రం పాత పట్నమే ఉంటుంది. మన ఊరి నుండి తీసుకువెళ్ళినవారికైతే ఆ పాత గుర్తులు కూడా లేవు. ఊర్లో దారి తప్పితే "ఫలానా వాళ్ళ అమ్మ" అని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని తీసుకొస్తారు. పట్నంలో ఆ చెయ్యి దానంతట అది రాదు. మనమే ఏర్పాటు చేయాలి.

అందుకే మేము చెప్పేది, గల్లీకి చెప్పండి. కిరాణా కొట్టాయనకు, ఆటో స్టాండు వాళ్ళకు, ఎదురింటివారికి ఆ తల్లిని చూపించి ఫోన్ నంబరు ఇవ్వండి. ఆమె బట్టలకు పేరు, నంబరు కుట్టండి. జపాన్‌లో 2004లో ఈ జబ్బుకున్న అవమానకరమైన పాత పేరునే ప్రభుత్వం మార్చింది. మరుసటి ఏడాది నుండి దుకాణదారులకు, బ్యాంకు ఉద్యోగులకు, బడి పిల్లలకు కూడా గంటన్నర తరగతి పెట్టి ఇలాంటివారితో ఎలా మెలగాలో నేర్పుతున్నారు. ఒక గంటన్నర! మన స్త్రీల సమాజం ఒక్క కూటంలో నేర్చుకోగలదు.

ఒకప్పుడు పటాలాల అవసరాలకు పుట్టిన ఆ బజారు చుట్టూ ఎన్నో భాషలు వినబడతాయి. నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం వెలువడింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని, చదువురానివారిలో కూడా ఆ తేడా ఉందని తేలింది. దీనికి కారణమేమిటో వైద్యులు చెప్పాలి. మాకు తోచింది ఒకటే. పక్కవారి భాష నేర్చుకున్న వీధికి, పక్కవారి అమ్మను గుర్తుపెట్టుకోవడం పెద్ద పనా?

ఇక సంఘంలో వినబడే ఒక అభ్యంతరం. "ప్రభువు బల్ల ఆయనను జ్ఞాపకం చేసుకోవడానికి గదా, తన్ను తాను పరీక్షించుకోలేని మనిషికి ఎలా ఇస్తారు?" అని కొందరు అడుగుతారు. మొదటి కొరింథీ 11వ అధ్యాయం మొత్తం చదవండి. పౌలు ఆ హెచ్చరిక వ్రాసింది మరచిపోయే ముసలివారికి కాదు. పేదవారు రాకముందే తిని త్రాగి, లేనివారిని సిగ్గుపరచినవారికి వ్రాశాడు. చివరికి చెప్పింది, ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని ఉండమని. బలహీనులను బయట నిలబెట్టడానికి ఆ వాక్యాన్నే వాడితే ఎలా? పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చినప్పుడు యేసు వారి విశ్వాసాన్ని చూశాడని మార్కు 2లో ఉంది. ఆ తల్లి జ్ఞాపకం చేసుకోలేకపోతే ఆమె పక్షంగా సంఘం జ్ఞాపకం చేసుకుంటుంది. రొట్టె ఆమె చేతిలో పెట్టాల్సిందే. కూతురి పేరు మరచినవారు కూడా చిన్నప్పటి కీర్తన ఎత్తుకుంటే గొంతు కలుపుతారు. పాట మధ్యలో లేచి తిరిగితే తిరగనివ్వండి.

చివరిగా, చూసుకునేవారి మాట. రాత్రంతా మేలుకొని, ఉద్యోగం మానుకొని, అడిగిందే వందసార్లు అడిగితే జవాబు చెప్పే ఆ కోడలికి "దేవుడు నీకు బహుమానమిస్తాడమ్మా" అని చెప్పి టీ త్రాగి వచ్చేయడం సేవ అనిపించుకోదు. వారానికి రెండు గంటలు ఎవరైనా వెళ్ళి ఆ తల్లి దగ్గర కూర్చోండి. ఆ కోడలు నిద్రపోతుందో, గుడికొస్తుందో, బజారుకు వెళ్తుందో ఆమె ఇష్టం. కొడుకులూ, కూతుళ్ళూ, మీరు వంతులు వేసుకోండి. దిక్కుతోచకపోతే పెద్దల కోసం ప్రభుత్వం పెట్టిన 14567 నంబరుకు ఫోన్ చేయండి.

తల్లి తన బిడ్డను మరచినా తాను మరువనని, మనలను తన అరచేతులమీద చెక్కుకున్నానని యెషయా 49లో ప్రభువు సెలవిచ్చాడు. బిడ్డలను మరచిన తల్లులు ఇప్పుడు మన మధ్యనే ఉన్నారు. మరువని దేవుని చేతులు వారికి తగిలేది మన చేతుల ద్వారానే. ఈ ఆదివారం లోపు అలాంటి ఒక ఇంటి తలుపు తట్టండి.

ప్రభువు మిమ్మును, మీ ఇంటి పెద్దలను దీవించి కాపాడును గాక. ఆమేన్.